నిశ్శబ్ద రథాలు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని కర్దనూర్ గ్రామస్థులకు వాహనాల ధ్వని కొత్త కాదు. ముంబయి దిక్కుగా సాగే జాతీయ రహదారి, హైదరాబాదు మహానగరాన్ని వడ్డాణంలా చుట్టిన 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు ఆ ప్రాంతంలోనే కలుసుకుంటాయి. పారిశ్రామిక వాడల సరుకును మోసే లారీలు, కంపెనీ బస్సులు, షేరు ఆటోలు అక్కడ రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఇటువంటి ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఒక విద్య తెలియకుండానే అబ్బుతుంది. బయటికి తొంగిచూడకుండానే, వచ్చేది ట్రాక్టరో, డీజిలు ఆటోయో, బుల్లెట్టో చెప్పగలరు. నాన్న డ్యూటీ ముగించుకొని వచ్చే బండి శబ్దాన్ని వీధి మలుపులోనే గుర్తుపట్టి తలుపు తీసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

అయితే ఇటీవలి కాలంలో ఆ విద్యకు ఒక చిక్కు వచ్చిపడింది. రింగు రోడ్డు మీద గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోయే ఖరీదైన కార్లలో ఒకదానికీ మరొకదానికీ ధ్వనిలో తేడా తెలియడం లేదు. టైర్లు రోడ్డును ఒరుసుకునే 'సుయ్' మనే చప్పుడొక్కటే చెవిన పడుతుంది. కొన్నిటికి అసలు ఇంజనే లేదు. వేగంలో ఇవి పాత కార్లను ఎంతో మించిపోయాయి. అయినప్పటికీ, వీటిలో ఏదో లోపించిందని, వేగానికి ప్రతీకలైన కార్లు తమ వ్యక్తిత్వాన్ని కోల్పోయి మనసును కదిలించే గుణాన్ని పోగొట్టుకున్నాయని ప్రపంచమంతటా కార్ల ప్రియులు వాపోతున్నారు. ఈ మాటలో నిజమెంత? గతాన్ని తలచుకొని నిట్టూర్చే స్వభావమెంత? ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా, ప్రాణం లేని యంత్రానికి వ్యక్తిత్వమేమిటన్న సందేహం కలగవచ్చు. మన సమాజంలో ఈ సందేహానికి చోటు తక్కువే. దసరానాడు ఆయుధపూజలో లారీకి పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి ముందుకు నడిపించే డ్రైవరు దానిని వట్టి ఇనుముగా భావించడు. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బండిని బుజ్జగించే వారున్నారు, మొరాయిస్తే తిట్టే వారున్నారు. ఎద్దుల బండి నుండి మోటారు బండికి మారినప్పుడు మనవారు ఎద్దుతో ఉన్న బాంధవ్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నారని చెప్పవచ్చు.

ఈ బాంధవ్యానికి యంత్రం తనవంతు తోడ్పాటు అందించేది. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కారును నడిపిన వారిని అడిగి చూడండి. స్టీరింగు పక్కనే ఉండే గేరు కడ్డీని ఏ కోణంలో లాగితే రెండవ గేరు పడుతుందో, చలికాలపు ఉదయం చోకును ఎంత లాగాలో, క్లచ్చి మీద కాలును ఎంత సుతారంగా తీయాలో ఒక్కొక్క బండికి ఒక్కొక్క లెక్క. ఒకే కర్మాగారం నుండి ఒకే రోజున వెలువడిన రెండు కార్లు కూడా కొన్ని సంవత్సరాలకు వేరువేరు స్వభావాలను సంతరించుకునేవి. నేర్చుకుంటే తప్ప లొంగని వస్తువు మీద మనిషికి మమకారం పెరుగుతుంది. తాళం తిప్పగానే ఎవరు కూర్చున్నా ఒకే తీరుగా నడిచే వస్తువు మీద గౌరవం కలగవచ్చు కానీ, అది నాదే అన్న భావం అంత సులువుగా కలగదు.

వ్యక్తిత్వంలో మొదట చెప్పుకోవలసినది ధ్వని. ఇది కేవలం కవుల ఊహ కాదు. దీని వెనుక స్పష్టమైన భౌతిక శాస్త్రం ఉన్నది. సాధారణంగా వాహనాలలో వాడే ఇంజను నాలుగు ఘట్టాలలో పని చేస్తుంది. గాలిని, ఇంధనాన్ని లోపలికి పీల్చడం, అదిమిపెట్టడం, మండించడం, పొగను బయటికి నెట్టడం అనేవి ఆ ఘట్టాలు. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి ఇంజను ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే పేలుడు జరుగుతుంది. ఈ ఒక్క సూత్రంతో ఏ బండి స్వరాన్నయినా లెక్క కట్టవచ్చు.

1955 నుండి మద్రాసులో తయారవుతూ వచ్చిన బుల్లెట్టు మోటారు సైకిలునే తీసుకుందాం. దానికి ఉన్నది ఒకే సిలిండరు. అది నిమిషానికి 900 చుట్లు తిరుగుతూ నిలకడగా నిలిచి ఉన్నప్పుడు సెకనుకు ఏడెనిమిది పేలుళ్లు జరుగుతాయి. 1800 చుట్ల వద్ద 15 జరుగుతాయి. మానవుని చెవి సెకనుకు సుమారు 20 కంపనాలకు లోపడిన ధ్వనిని స్వరంగా గ్రహించలేదు, విడివిడి దెబ్బలుగా గ్రహిస్తుంది. అందువల్లనే బుల్లెట్టు 'డుగ్గు డుగ్గు' మంటుంది. నాలుగు సిలిండర్ల మామూలు కారు 3000 చుట్ల వద్ద సెకనుకు 100 పేలుళ్లతో ఒక మంద్రమైన రొదను పుట్టిస్తుంది. ఇటలీలో తయారయ్యే ఫెరారీ, లాంబోర్గినీ వంటి కార్లలోని పన్నెండు సిలిండర్ల ఇంజను 7000 చుట్ల వద్ద సెకనుకు 700 పేలుళ్లను జరుపుతుంది. అప్పుడది రొద కాదు, స్పష్టమైన స్వరం. ఇరవయ్యొకటవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫార్ములా-1 పోటీలలో పరుగెత్తిన పది సిలిండర్ల కార్లు 18,000 చుట్లను అందుకునేవి. లెక్క ప్రకారం వాటి స్వరం సెకనుకు 1500 కంపనాలు. సంగీత పరిభాషలో చెప్పాలంటే బుల్లెట్టు తాళం వేస్తుంది, పన్నెండు సిలిండర్ల కారు తారస్థాయిలో ఆలపిస్తుంది.

ధ్వనికి ఎంత విలువ ఉన్నదో తెలియడానికి ఒక ఉదంతం చాలు. అమెరికాకు చెందిన హార్లే-డేవిడ్‌సన్ సంస్థ తన మోటారు సైకిలు చేసే చప్పుడునే వ్యాపార చిహ్నంగా నమోదు చేయమని 1994లో ఆ దేశ ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నది. పోటీ సంస్థలు అభ్యంతరం చెప్పగా, వివాదం ఎటూ తేలక 2000లో ఆ దరఖాస్తును ఉపసంహరించుకున్నది. మన దేశంలోనూ 2008 తరువాత బుల్లెట్టులోని పాత పోత ఇనుప ఇంజను స్థానంలో కొత్త ఇంజను ప్రవేశించినప్పుడు, బండి మెరుగైనదని అందరూ ఒప్పుకుంటూనే, ఆ పాత 'బీటు' పోయిందని పాత తరం వారు బాధపడ్డారు. నూనె కారడం ఆగిపోయింది, కిక్కు కొట్టే శ్రమ తగ్గింది, అయినా ఫిర్యాదు మాత్రం మిగిలింది!

మరి ఈ మార్పు ఎందుకు వచ్చింది? ఎవరో పనిగట్టుకొని కార్ల ప్రాణం తీయలేదు. ఒక్కొక్క మార్పుకూ ఒక్కొక్క న్యాయమైన కారణం ఉన్నది. కార్బురేటరు గాలి వేగాన్ని బట్టి ఇంధనాన్ని అంచనాగా అందించేది. ఆ అంచనా తప్పినప్పుడల్లా నల్లటి పొగ వచ్చేది. దాని బదులు కంప్యూటరు అజమాయిషీలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే పద్ధతి వచ్చింది. మన దేశపు కార్లలో 2000 ప్రాంతం నుండి ఇది వ్యాపించి, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి-6 ప్రమాణాలు అమలులోకి వచ్చే నాటికి ద్విచక్ర వాహనాలకు కూడా విస్తరించింది. ఇంధనం పొదుపు కావాలంటే సిలిండర్ల సంఖ్య తగ్గాలి. తగ్గిన బలాన్ని టర్బో పూరించాలి. ఆ టర్బో పొగలోని శక్తితోనే తిరుగుతుంది కాబట్టి సైలెన్సరు దాకా చేరే ధ్వని బలహీనపడుతుంది. ఫార్ములా-1లో 2014 నుండి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్లను ప్రవేశపెట్టినప్పుడు ఆ సంవత్సరపు తొలి పోటీలోనే ప్రేక్షకులు పెదవి విరిచారు. చెవులు మూసుకోవలసిన అవసరం లేకపోవడమే వారి ఫిర్యాదు.

గేర్ల విషయమూ అంతే. రెండు క్లచ్చిలతో పని చేసే స్వయంచాలక గేరుపెట్టె 2003లో ఒక ఫోక్స్‌వాగన్ కారులో మార్కెట్టుకు వచ్చింది. అది కనురెప్పపాటులో గేరు మారుస్తుంది. ఎంత నేర్పరి అయిన డ్రైవరైనా చేతితో అంత వేగంగా మార్చలేడు. పందెంలో గెలుపే గమ్యమైతే చేతి గేరుకు చోటు లేదు. స్టీరింగుకు సాయపడే నూనె పంపు ఇంజను శక్తిని ఎల్లవేళలా తాగుతుంది కనుక దాని స్థానంలో విద్యుత్ మోటారు వచ్చింది. ఇంధనం ఆదా అయింది, కానీ రోడ్డు మీది గరుకుదనం, తడి, గుంత చక్రాల గుండా చేతి వేళ్లకు చేరే దారి కొంత మూసుకుపోయింది. నైపుణ్యం గల డ్రైవర్లు దీనిని అన్నిటికన్న పెద్ద నష్టంగా భావిస్తారు. చెప్పుల్లేని కాలికి నేల తెలిసినట్లుగా చెప్పు తొడిగిన కాలికి తెలియదు కదా!

వీటన్నిటికీ తోడు బరువు పెరిగింది. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ 1980ల నడుమ విడుదల చేసిన తొలి ఎం5 కారు 1500 కిలోల లోపు బరువు, 286 అశ్వశక్తి గలది. 2024లో వచ్చిన ఎం5 బరువు 2400 కిలోలకు పైమాటే. దాని బలం 727 అశ్వశక్తి. నిలిచిన చోటు నుండి గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడానికి మొదటిదానికి ఆరు సెకన్లకు పైగా పట్టేది, రెండవదానికి మూడున్నర సెకన్లు చాలు. అంకెలలో చూస్తే ఇది అద్భుత విజయం. కాని ఆ కొత్త కారు తన వేగాన్ని తన యజమానికి తెలియనివ్వదు. పాత కారులో గంటకు 80 కిలోమీటర్ల వద్ద కలిగే ఉత్కంఠ, కొత్త కారులో 180 దాటితే గాని కలగదు. ఆనందమూ వెనుకబడింది, భయమూ వెనుకబడింది. ఈ రెండవ విషయం మొదటిదానికన్న ఆలోచించదగినది. దీనిని మళ్లీ ప్రస్తావించుకుందాం.

కార్ల తయారీదారులు ఈ లోటును గుర్తించకపోలేదు. 2011లో వచ్చిన ఎం5 కారులో ఇంజను ధ్వనిని కారులోని స్పీకర్ల ద్వారా వినిపించే ఏర్పాటు చేశారు. 2023లో హ్యుందాయ్ సంస్థ విడుదల చేసిన అయోనిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారు మరొక అడుగు ముందుకు వేసింది. అందులో ఇంజను లేదు, పలు గేర్లు లేవు. అయినా మీట నొక్కితే గేర్లు మారుతున్నట్లు కుదుపు కలుగుతుంది, పెట్రోలు ఇంజను గర్జన వినబడుతుంది. పెళ్లి పందిట్లో సన్నాయి మేళం బదులు క్యాసెట్టు పెట్టినట్లుగా ఉన్నదని కొందరు దీనిని ఎగతాళి చేశారు. నడిపి చూసిన వారిలో చాలామంది మాత్రం, అబద్ధమని తెలిసినా ఆనందం నిజమేనని అన్నారు. నాటకంలో హరిశ్చంద్రుని కష్టాలు నిజం కావని తెలిసే మనం కంటతడి పెట్టుకుంటాం కనుక వారి మాటను తోసిపుచ్చడానికి వీలు లేదు. అయినప్పటికీ నా దృష్టిలో సన్నాయి సన్నాయే, క్యాసెట్టు క్యాసెట్టే. విద్వాంసుని ఊపిరి తడబడే అవకాశం ఉన్నది కాబట్టే అది తడబడని క్షణం మనల్ని పులకింపజేస్తుంది.

ఈ చర్చ తెలుగువారి కళ్లెదుటికే వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా-ఇ పోటీ జరిగింది. విద్యుత్ కార్ల ఈ ప్రపంచ స్థాయి పోటీ భారతదేశంలో జరగడం అదే మొదటిసారి. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, సచివాలయ పరిసరాలలోని మామూలు రోడ్లనే కలిపి సుమారు 2.8 కిలోమీటర్ల పందెపు దారిగా మలిచారు. రోజూ ఆఫీసులకు, కళాశాలలకు వెళ్లే దారిలో 22 కార్లు పరుగు తీస్తుంటే చూడడానికి నగరవాసులు పెద్దయెత్తున తరలివచ్చారు. చెవులు దద్దరిల్లే హోరును ఊహించుకొని వచ్చినవారికి దాని బదులు తూనీగ రెక్కల వంటి సన్నని ఈలపాట, టైర్ల కీచుమన్న ధ్వని వినిపించాయి. గట్టున కూర్చున్నవారు పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగారు. చూడబోతే పోటీ, వినబోతే నిశ్శబ్దం!

అయితే ఆ నిశ్శబ్దంలో నాటకీయత లేదనుకుంటే పొరపాటు. ఆ కార్లలో బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, వృథా కావలసిన శక్తిని బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. పోటీలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఈ విధంగా రాబట్టినదే. అందువల్ల డ్రైవరు ఎక్కడ వేగాన్ని వదలాలి, ఎక్కడ దాచుకోవాలి, ఎప్పుడు ఖర్చు పెట్టాలి అని ప్రతి మలుపులోనూ లెక్క వేసుకోవాలి. నెలాఖరు దాకా జీతాన్ని సర్దుకునే గృహిణి నేర్పు వంటిదే ఇది. నాటి విజేత, ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, తనను తరుముతున్న నిక్ కాసిడీ కన్న తన వద్ద తక్కువ శక్తి మిగిలి ఉండగా, చివరి చుట్టుదాకా దారి ఇవ్వకుండా నిలిచి అరసెకను లోపు తేడాతో గెలిచాడు. ఆ ఉత్కంఠ ఏ పాత పందానికీ తీసిపోదు. కాకపోతే దానిని ఆస్వాదించడానికి చెవులతో పాటు లెక్క కూడా తెలిసి ఉండాలి. 2024లో అదే చోట జరగవలసిన రెండవ పోటీ రద్దు కావడంతో ఆ కొత్త రుచి మనవారికి అలవాటయ్యే అవకాశం తప్పిపోయింది.

చరిత్రను కొంచెం వెనుకకు తిప్పి చూస్తే మరొక ఆశ్చర్యం ఎదురవుతుంది. భూమి మీద గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు, విద్యుత్తుది. 1899 ఏప్రిల్ 29న పారిసు సమీపంలో కమిల్ జెనాత్సీ అనే బెల్జియం దేశస్థుడు తుపాకి గుండు ఆకారంలో ఉన్న విద్యుత్ కారులో గంటకు 105.88 కిలోమీటర్ల వేగాన్ని సాధించాడు. ఆ కారు పేరుకు 'ఎన్నడూ తృప్తి చెందనిది' అని అర్థం. అంటే వేగానికీ శబ్దానికీ ఉన్న ముడి పుట్టుకతో వచ్చినది కాదు, నడుమ వచ్చినది. పెట్రోలు కార్ల యుగం మొదలైన తరువాత కూడా ఉత్తమమైన కారు అంటే చప్పుడు చేయని కారనే భావన చాలాకాలం ఉన్నది.

ఇందుకు సాక్ష్యం హైదరాబాదులోనే ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ సంస్థకు ఒక కారు కావాలని పురమాయించాడు. 1911లో ఆయన మరణించగా, ఆ కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు చేరింది. పసుపు పచ్చని దేహం, వెనుక భాగంలో సింహాసనం వలె ఎత్తుగా అమర్చిన ఆసనం దాని ప్రత్యేకతలు. మరమ్మతుల అనంతరం దానిని చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కోసం ఉంచారు. ఆ కారు జాతి పేరు 'సిల్వర్ ఘోస్ట్', అంటే వెండి దయ్యం. 1907లో వెండి రంగు పూసిన ఒక కారు దయ్యంలా అలికిడి లేకుండా సాగిపోవడం చూసి పెట్టిన పేరది! నూరేళ్ల కిందట ప్రభువులు ఏ నిశ్శబ్దానికి మురిసి అంత డబ్బు పోశారో, ఈనాడు ఆ నిశ్శబ్దమే కారుకు లోపమని చెప్పుకుంటున్నాం. దీనిని బట్టి చూస్తే, మనల్ని ఆకట్టుకునేది ధ్వనో నిశ్శబ్దమో కాదనీ, దాని వెనుక కనిపించే మనిషి చేతి పనితనమనీ తోస్తుంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ క్రికెట్ బంతి, కలము, బర్గరు ఆకారాలలో తయారు చేసిన కార్లను చూసి పిల్లలతో పాటు పెద్దలు కూడా ఎందుకు నవ్వుతూ నిలబడిపోతారో ఆలోచించండి. వాటికి వేగమూ లేదు, గర్జనా లేదు.

ఇక పాత ఇంజను మీది ప్రేమకు చెల్లించిన మూల్యాన్ని గురించి చెప్పుకోవాలి. సముద్ర తీరాన తోటలో కూర్చుని పెట్రోలు వాసనను మెచ్చుకోవడం వేరు, పటాన్‌చెరులో ఉండి మెచ్చుకోవడం వేరు. ఈ ప్రాంతపు నీరు, నేల పారిశ్రామిక వ్యర్థాలతో పాడైన ఉదంతం 1990లోనే సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించినప్పుడు ఆ జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం కూడా చేరింది. ఆ దోషం కార్లది కాదు నిజమే. అయితే పొగ ఖరీదు ఎంతో ఇక్కడి వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. నక్కవాగు పక్కన బతికినవారి ముందు నిలబడి, పొగగొట్టంలో ఆత్మ ఉన్నదని ఉపన్యసించడానికి కొంత ధైర్యం కావాలి.

రెండవ మూల్యం ప్రాణాలు. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ఆ మరణాలలో పదింట ఏడింటికి అతివేగమే కారణం. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేకులు, మలుపులో కారు జారబోతే ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే ఏర్పాట్లు, గాలి సంచులు ఇవన్నీ కారు బరువును పెంచాయి, దాని చిలిపితనాన్ని తగ్గించాయి. పాత వేగపు కార్ల గురించి మురిపెంగా చెప్పే కథలలో చావు తప్పి కన్ను లొట్టపోయిన కథలే ఎక్కువ. తప్పించుకోలేకపోయినవారు కథలు చెప్పడానికి మిగలలేదు.

కాని ఇందాక చెప్పుకున్న రెండవ విషయం ఇక్కడే అడ్డు తగులుతుంది. వేగాన్ని తెలియనివ్వని కారు భద్రమైనదేనా? అవుటర్ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. పాత అంబాసిడర్ ఆ వేగానికి చేరకముందే స్టీరింగు వణికి, తలుపులు గిలగిలలాడి, ఇంజను మొరపెట్టుకొని, నడిపేవాణ్ని హెచ్చరించేది. కొత్త కారు 160 వద్ద కూడా లాలిపాట పాడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండి అప్పుడే లైసెన్సు చేతికి వచ్చిన యువకునికి ఆ లాలిపాట ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. కారు వ్యక్తిత్వమని మనం పిలుచుకున్నదానిలో కొంత భాగం, నిజానికి, యంత్రం మనిషికి చేసిన హెచ్చరిక. శబ్దం లేని కార్లు పాదచారులకు, ప్రత్యేకించి చూపు లేనివారికి ప్రమాదకరమని గుర్తించి, ఐరోపా దేశాలు 2019 నుండి కొత్త నమూనా విద్యుత్ కార్లు నెమ్మదిగా కదిలేటప్పుడు కృత్రిమ ధ్వని చేయాలని నిబంధన విధించాయి. గంటకు 20 కిలోమీటర్లు దాటితే ఆ ధ్వని అవసరం లేదు, టైర్ల చప్పుడే చాలునని వారి లెక్క.

నష్టం మరొక చోట కూడా జరుగుతున్నది. దానిని గురించి కార్ల ప్రియులెవరూ మాట్లాడరు. రామచంద్రాపురం నుండి సంగారెడ్డి దాకా రోడ్డు పక్కన రేకుల షెడ్లలో పని చేసే మెకానిక్కులు చెవితో రోగాన్ని కనిపెట్టే వైద్యులు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని, టప్పెట్లు వదులైనాయో, బేరింగు అరిగిందో, పిస్టను కొట్టుకుంటున్నదో చెప్పగలరు. పానా పట్టుకొని ఆత్రపడే కుర్రవానితో పెద్ద మెకానిక్కు "ఇప్పకు తమ్మీ, ముందుగాల ఇను" అంటాడు. ఆ ఒక్క మాటే అక్కడ సిలబసు. కార్బురేటరులో మిశ్రమాన్ని సరిచేసే మరను పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ ఇంజను గొంతు సర్దుకునేదాకా ఆగే ఆ ఓర్పు, వీణకు శ్రుతి చేసే వాని ఓర్పు వంటిదే. ఇప్పుడు కారు రోగాన్ని కంప్యూటరు తీగ తగిలించి అంకెల రూపంలో చదువుతున్నారు. ఆ పరికరం అధీకృత సర్వీసు కేంద్రాలలో ఉంటుంది, రేకుల షెడ్డులో ఉండదు. పెద్ద చదువులు లేకుండా, కేవలం వినికిడి జ్ఞానంతో ఒక తరం సంపాదించుకున్న గౌరవం, జీవనాధారం ఈ నిశ్శబ్దంలో కరిగిపోతున్నాయి. ధనవంతుని విహారంలో తగ్గిన పులకింత కన్న నాకిది బరువైన నష్టంగా తోస్తున్నది.

కోల్పోయినదంతా తిరిగి రాదని కూడా అనలేం. 2013లో పోర్షే సంస్థ తన 911 జీటీ3 కారును స్వయంచాలక గేర్లతో మాత్రమే విడుదల చేసింది. అది పాతదానికన్న వేగవంతమైనది. అయినా కొనుగోలుదారులు చేతి గేరు కావాలని పట్టుబట్టారు. 2017లో ఆ సంస్థ దానిని మళ్లీ ప్రవేశపెట్టింది. కొన్ని క్షణాలు ఆలస్యమైనా సరే, తమ చేతితో తాము చేసే పని తమకు కావాలని డబ్బు చెల్లించి మరీ అడిగినవారున్నారన్నమాట. గుర్రాలు బండ్లు లాగడం మానివేసిన తరువాత స్వారీ ఒక కళగా మిగిలినట్లే, కారు నడపడం కూడా ఒకనాడు కొద్దిమంది సాధన చేసే కళగా మిగలవచ్చు.

ఆ రోజు ఎంతో దూరంలో లేదనడానికి గుర్తు ఇదే జిల్లాలో ఉన్నది. కర్దనూర్ నుండి జాతీయ రహదారి మీదుగా సంగారెడ్డి దిక్కుగా వెళితే కంది వస్తుంది. అక్కడి ఐఐటీ హైదరాబాదు ప్రాంగణంలో 'తిహాన్' పేరిట, డ్రైవరు లేకుండా నడిచే వాహనాలను పరీక్షించే క్షేత్రాన్ని 2022 జూలైలో ప్రారంభించారు. ఇంజను పోయింది, గేరు పోయింది, ఇప్పుడు మనిషి వంతు వచ్చింది. అదే రోడ్డులో మరికొంత దూరం పోతే సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం, ఇంకా ముందుకు పోతే జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నాయి. ట్రాక్టరు నేటికీ తన రాకను కిలోమీటరు ముందే చాటుకుంటుంది. కారులో ఏది ఉన్నా లేకున్నా టైరు మాత్రం తప్పదు. రింగు రోడ్డు మీది నుండి ఊళ్లోకి వినవచ్చేది ఆ టైరు పాటే.

రేకుల షెడ్డు ముందుకు ఈమధ్య విద్యుత్ స్కూటర్లు కూడా వస్తున్నాయి. మెకానిక్కు దాని మోటారు జోలికి పోడు. స్టాండు వేసి, వెనుక చక్రాన్ని చేతితో ఒకసారి బలంగా తిప్పి, స్క్రూడ్రైవరును ఇరుసు దగ్గర ఆనించి, పిడిని చెవికి చేర్చుకొని కళ్లు మూసుకుంటాడు. చక్రం ఆగేదాకా కుర్రవాడు మాట్లాడకుండా నిలబడతాడు.